అచ్చాయమ్మ ఎత్తుకున్న పాట

అచ్చాయమ్మ ఇంటి గడప మరో మనిషి తొక్కి రెండు నెలలయింది. అందుకే ఆ సాయంత్రం ఊరి పెద్ద ప్రసాదరావు నేరుగా లోపలికొచ్చి నులకమంచం మీద కూర్చునేసరికి ఆమె గబుక్కున లేచి నిలబడింది.

ఆమెను వెలి వేయించింది అతనే. రెండు వేల ఆరు వేసవిలో కొల్లేట్లో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టడం మొదలుపెట్టిన వారానికే ఊరంతా కూర్చుని, అచ్చాయమ్మ ఇంట్లో సర్కారు కూడు ఉడుకుతోందని తేల్చారు. ఆమె కాదనలేదు. ఆ ఇంటితో మాటా మంచీ ఉండకూడదని కట్టుబాటు చేశారు. అప్పట్నుంచి మంచినీళ్ళ ట్యాంకర్ దగ్గర ఆమె బిందెదే ఆఖరి వంతు. చాలాసార్లు ఆ వంతు వచ్చేసరికి ట్యాంకర్‌లో నీళ్ళుండేవి కావు. పక్కింటి శ్యామల ఆమె ఒళ్ళో పెరిగిన పిల్ల. ఇప్పుడు ఎదురుపడితే కాండ్రించి ఉమ్మి, పక్కకు తప్పుకుని పోయేది.

ఇవన్నీ ఒక ఎత్తు, పాట ఒక్కటీ ఒక ఎత్తు.

ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఊడ్పులకైనా, పెళ్ళికైనా పాట ఎత్తుకునేది అచ్చాయమ్మే. ఆమె ఒక చరణం అంటే అరవై గొంతులు అందుకునేవి. తూర్పు వీధికీ పడమటి వీధికీ పడకపోయినా ఆడవాళ్ళందరికీ పాట దగ్గర మాత్రం ఒకటే గొంతు. మొన్న వెనక వీధి పెళ్ళిలో పాట ఎత్తుకున్నవాళ్ళకు రెండో చరణం గుర్తు రాలేదు. తలుపు వేసుకుని గోడకానుకుని కూర్చున్న అచ్చాయమ్మ ఆ చరణాన్ని పెదాల మధ్యే పాడుకుంది. బయట ఎవరో మైకులో సినిమా పాట పెట్టేశారు.

రేపు పొక్లెయిన్ మన ఊరుమ్మడి చెరువు మీదికే వస్తోందని చెప్పాడు ప్రసాదరావు. మగవాళ్ళు అడ్డం వెళితే పోలీసులు ఈడ్చుకుపోతారు. ఆడవాళ్ళు గట్టు మీద బైఠాయించి పాడాలనుకున్నారు. రెండు రోజులుగా పాడి చూస్తున్నారు గానీ పాట లేవడం లేదు.

"నువ్వు ఎత్తుకోవాలి వదినా. ఎత్తుకుంటే రేపే కట్టుబాటు తీసేస్తాం" అన్నాడు.

అచ్చాయమ్మ తన గొంతు పోయిందంది. పోనీ, చరణాలు కట్టి ఇస్తాను, ఇంకెవరి చేతైనా పాడించుకోమంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"నీ నోటితోనే రావాలి. పాడేదేదో కడుపుకి తగిలేలా పాడాలి. పాడకపోతే మాత్రం ఈ ఊరి నీళ్ళ మీద ఆశ వదులుకో."

తెల్లారి ఎనిమిదింటికి మెషీన్ వచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి లారీ మీద తెచ్చి, గట్టు మొదట్లో దింపారు. వెనక రెండు జీపులు, పాతికమంది పోలీసులు. డ్రైవరు దుమ్ము పడకుండా ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

ఆడవాళ్ళు గట్టుకడ్డంగా కూర్చున్నారు. నాలుగేళ్ళుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని తోడికోడళ్ళు ఆ పూట మోకాళ్ళు ఆనించుకుని కూర్చున్నారు. మధ్యలో ఒక్క చోటు ఖాళీగా వదిలారు. అచ్చాయమ్మ వెళ్ళి అందులో కూర్చుంది.

ఇంజను రొద పెడుతోంది. ఆమె కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

"చెరువు తెంచే చిన్నోడా
నిన్ను కన్నది ఆడదేనా
బువ్వ తెంచే బుల్లోడా
పాలిచ్చింది పామేనా"

"పామేనా ఓ పామేనా" అని అరవై గొంతులు ఒక్కసారిగా అందుకున్నాయి. నీళ్ళ మీది కొంగలు లేచిపోయాయి. ఎవరూ మెషీన్ వంక చూడలేదు. అందరూ అచ్చాయమ్మ నోటి వంకే చూస్తున్నారు.

మెషీన్ నాలుగు గజాలు ముందుకొచ్చింది. అచ్చాయమ్మ ఆగింది. శ్యామల ఆమె భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

"ఇంకా గట్టిగా అత్తా. వాడికి వినపడాలి."

రెండు నెలల తరవాత శ్యామల తనతో అన్న మొదటి మాట అది. అచ్చాయమ్మ గొంతు సవరించుకుంది.

"నిన్ను మోసిన కడుపు కాలిపోనూ
నిన్ను ఎత్తిన చంక విరిగిపోనూ
నీకు పెట్టిన చెయ్యి పడిపోనూ"

ఒక్కో చరణానికీ గుంపు ఊగిపోయింది. అరిచే గొంతుల్లో కసి ఉంది, ఏడుపు ఉంది, చెప్పలేని సంతోషమూ ఉంది. మెషీన్ తొండం పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. కాసేపటికి ఇంజను ఆగింది. ఇనస్పెక్టరు కింద నుంచి కేకలేశాడు. డ్రైవరు నిదానంగా దిగి, తాళంచెవి ఇనస్పెక్టరు చేతిలో పెట్టి, తువ్వాలు విప్పకుండానే గట్టు వెంట నడిచిపోయాడు.

రేపు ఇంకో డ్రైవర్ని తెస్తామంటూ జీపులు వెనక్కి తిరిగాయి. ఈ పూటకి చెరువు నిలిచింది. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు, ఏడ్చారు. కట్టుబాటు తీసేశామని ప్రసాదరావు అందరి ముందూ చెప్పాడు. శ్యామల టిఫిన్ డబ్బా విప్పి, చేపల పులుసుతో అన్నం కలిపి, మొదటి ముద్ద అచ్చాయమ్మ చేతిలో పెట్టింది. తినమని అందరూ బతిమాలారు.

గట్టు మలుపు తిరిగేలోగా ఒక్కసారైనా వెనక్కి చూస్తాడేమోనని, ఆ ముద్ద అలాగే పట్టుకుని అచ్చాయమ్మ చూస్తూ కూర్చుంది గానీ, కన్నకొడుకు చూడలేదు.