కొట్టేసిన జవాబు

"చివరి లెక్కకి ఏం రాశావే?" బండి కింద పడుకునే అడిగాడు మెకానిక్.

షెడ్డు గుమ్మంలో నిలబడిపోయింది కూతురు. "సమాధానం లేదు నాన్నా."

పానా తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. మెకానిక్ దొర్లుకుంటూ బయటికొచ్చాడు. పాలిటెక్నిక్‌లో మిగిలింది ఒక్కటంటే ఒక్క సీటు. దానికోసం కాలేజీవాళ్ళు పెట్టిన పరీక్షలో చివరి లెక్కకే సగం మార్కులు. సీటు రాకపోతే చదువు ఇక చాలని వాళ్ళమ్మ ముందే తేల్చేసింది.

"అస్సలేం తోచలేదా?"

"చాలాసేపు చేశాను. మూడుసార్లు చూశాను. లేదంతే."

మొహం చేటంత చేసుకుని వెనకే వచ్చింది మేనత్త కూతురు. ఆమె కూడా అదే పరీక్ష రాసింది.

"ఎంత తేలిక లెక్క మామయ్యా! భిన్నాల కింద ఎక్స్ మైనస్ మూడు ఉంది. మొత్తాన్ని దాంతో గుణిస్తే హారాలన్నీ ఎగిరిపోతాయి. ఆపైన రెండు నిమిషాల పని. ఎక్స్ విలువ మూడు!"

"నాకూ మూడే వచ్చింది వదినా," అంది కూతురు మెల్లగా. "కొట్టేశాను."

మెకానిక్ నెత్తి బాదుకున్నాడు. "వచ్చిన జవాబుని చేజేతులా కొట్టేశావా!"

"మళ్ళీ లెక్కలో పెట్టి చూస్తే నిలబడలేదు నాన్నా."

"ఎగిరిపోయిన హారాలతో ఇంకా పనేంటే?" వదిన పకపకా నవ్వింది. "మా మరదలికి తాళం వేసి పదిసార్లు లాగి చూడందే నిద్రపట్టదు మామయ్యా."

మెకానిక్‌కి నవ్వు రాలేదు. బిగించిన బోల్టుని మళ్ళీ కదిపి చూడందే అతను ఏ బండీ బయటికి పంపడు. ఆ చాదస్తం పిల్లకి తననుంచే అంటుకుంది. తిడదామని నోరు తెరిచాడు గానీ, దాని మొహం చూసేసరికి మనసొప్పలేదు.

"అందరూ మూడే రాశారట నాన్నా. నేనే తప్పేమో."

"పోనీలేవే. వచ్చే ఏడు మళ్ళీ రాద్దువుగాని. మీ అమ్మతో నేను మాట్లాడతా. చదువు మాత్రం ఆపొద్దు."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆ మాటకి కూతురి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు గానీ చెప్పులు విప్పి లోపలికి రాలేదు.

మూడోరోజు కాలేజీ నుంచి లెక్కల లెక్చరర్ ఫోన్ చేశాడు. "సీటు మీ అమ్మాయికే వచ్చిందండీ."

మెకానిక్ గ్రీజు చేతులతోనే ఫోన్ గట్టిగా పట్టుకున్నాడు. ఆనందం పట్టలేకపోయాడు. అయినా ఉన్నమాట దాచబుద్ధి కాలేదు. "ఒకసారి సరిగ్గా చూడండి సార్. మూడని రాసింది మా మేనకోడలు. మా అమ్మాయి అది కొట్టేసింది."

"కొట్టేసింది కాబట్టే సీటొచ్చింది. ఎక్స్ స్థానంలో మూడు పెడితే హారం సున్నా అయిపోతుంది. సున్నాతో భాగించలేం కదండీ! అందరూ బోల్తాపడ్డారు. మీ అమ్మాయొక్కతే పట్టుకుంది."

"మరైతే దాని సమాధానం ఎంత సార్?"

లెక్చరర్ నవ్వాడు.

"సమాధానం లేదు."