తలకి పోసుకున్న రోజు

హైమవతమ్మ పడకగది గుమ్మానికి వేపమండలు కట్టింది.

ఆర్.కె. పురం క్వార్టర్ల వెనక చెట్టువే. వాచ్‌మన్ భయ్యాని బతిమాలి మరీ కోయించుకొచ్చింది.

లోపల కోడలు ఉషశ్రీ ఉంది. మెడలో గడ్డ థైరాయిడ్ క్యాన్సరని తేలితే గ్రంథి మొత్తం తీసేశారు. ఆ కణాలు ఇంకా ఏమైనా మిగిలి ఉంటే చావాలని మొన్న ఆసుపత్రిలో రేడియో అయోడిన్ మందు మింగించి, ఇంటికి పంపారు.

ఇది మంచి రకం క్యాన్సరేనని డాక్టరు, భర్త భరద్వాజ్, పక్కింటి ఆంటీ అందరూ ధైర్యం చెప్పారు. క్యాన్సర్లో మంచిదేమిటో పడ్డవాళ్ళని అడగాలి.

ఆ మందు ఒంట్లో ఉన్నన్నాళ్ళూ కిరణాలు వస్తాయట. నాలుగేళ్ళ కూతురు దీపుని ఆదివారం దాకా దగ్గరికి రానీయొద్దన్నారు.

అప్పట్నుంచీ తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో ఉండి వీడియో కాల్‌లో చూసుకుంటున్నారు. పిల్ల ముద్దులు పెట్టీ పెట్టీ నానమ్మ ఫోనంతా ఎంగిలి చేస్తోంది.

భరద్వాజ్ తల్లికి అన్నీ విడమరిచి చెప్పాడు. సెలవు దొరక్క ఆఫీసుకి పోయాడు.

ఆవిడ శ్రద్ధగా తలూపింది. ఆవిడకి తెలిసినంతలో మనిషిని గదిలో వేరుగా ఉంచారంటే అమ్మవారు పోసినట్టు. తలకి నీళ్ళు పోశారంటే ఆ తల్లి చల్లగా వెళ్ళిపోయినట్టు.

గురువారం పొద్దున ఉషశ్రీ జిడ్డు భరించలేక తలస్నానం చేసింది.

టిఫిన్ పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టబోతూ అత్తగారు ఆ తడి జుట్టు చూసింది. మొహం చేటంత అయింది.

"తలకి పోసుకున్నావా తల్లీ. ఇంకేం, గండం గడిచింది. దీపూ, రావే, మీ అమ్మ దగ్గరికి పో."

పిల్ల రెండు చేతులూ చాపుకుని దూసుకొచ్చింది.

వద్దు అత్తయ్యా, పట్టుకోండి అని ఉషశ్రీ అరిచింది. అరిచాననే అనుకుంది. ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

మంచం చుట్టూ వెనక్కి వెనక్కి నడిచింది. ఆటేననుకుని దీపు కిలకిలా నవ్వుతూ వెంటపడింది.

వీపుకి గోడ తగిలింది.

నోరు పెగలని మనిషికి ఇంకేం దారుంది? కొట్టబోతున్నట్టు చెయ్యెత్తింది. పుట్టినప్పట్నుంచీ ఆ పిల్ల మీద ఎత్తని చెయ్యి.

నవ్వు ఆగిపోయింది.

"మైనే క్యా కియా, మమ్మా?"

ఏం చేసిందట తను.

చెయ్యి దించితే పిల్ల మళ్ళీ దగ్గరికొస్తుంది. ఉషశ్రీ దించలేదు.

"అదేమిటే, పసిదాని మీద..." హైమవతమ్మ పళ్ళెం కింద పెట్టి లోపలికొచ్చింది.

దీపు ఏడవలేదు. నానమ్మ కొంగు పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు తనే దగ్గరగా వేసింది.