ఉక్కురెక్కను ఎందుకు చంపారు?

ఉక్కురెక్క చచ్చిపోయి మూడు రోజులైంది. పత్రిక ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది.

పదిహేనేళ్లుగా వారం వారం ఆ బొమ్మల పత్రికలో ఎగురుతూ లోకాన్ని కాపాడుతున్నవాడు, ఈ వారం సంచిక చివరి పేజీలో మునిగిపోతున్న లాంచీలో ఉండిపోయాడు. కిటికీలోంచి ఒక పాపను బయటికి తోసి, తను నీళ్లలో కలిసిపోయాడు.

చిల్లులు పడ్డ లాంచీలకు పర్మిట్లిచ్చిన మంత్రి కూడా ఆ కథలో ఉన్నాడు. ఎన్నికలు చూస్తే వచ్చే నెలలోనే.

“ఆ మంత్రి మా నాయకుడే కదా? ఎవరు రాయించారు?” అని ఒక గొంతు.

“పత్రికలు అమ్ముకోవడానికి అంత మంచివాణ్ణి చంపేస్తారా?” అని ఇంకో గొంతు.

రిసెప్షనిస్టుకు తల తిరిగిపోతోంది.

ఎడిటరును అడిగితే, “రాజకీయమే. మనది దమ్మున్న పత్రిక,” అన్నాడు.

సేల్స్ మేనేజరును అడిగితే, “రాజకీయమా పాడా! సంచిక మూడోసారి అచ్చవుతోంది చూడు,” అన్నాడు.

ఇంట్లో ఆమె భర్త రాజకీయమంటాడు. మరిది పబ్లిసిటీ అంటాడు. అన్నదమ్ములిద్దరికీ రెండు రోజులుగా మాటల్లేవు. కూర గిన్నె ముందు ఎవరివైపు జరిపినా తప్పే.

అలాంటి పూట ఒక పెద్దాయన తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో చుట్టచుట్టిన సంచిక. మణికట్టు మీద సూది గుచ్చిన చోట దూది, దానిపైన ప్లాస్టరు.

“అమ్మా, ఈ పాప బతికిందా?”

“ఏ పాపండీ?”

ఆయన చివరి పేజీ విప్పి బల్ల మీద పరిచాడు. “ఇదిగో. కిటికీలోంచి తోసేశాడు, సరే. బయట ఎవరైనా అందుకున్నారా? ఒడ్డుకు చేరిందా?”

మూడు రోజుల్లో ఎవరూ ఇలా అడగలేదు. ఎడిటరు రాసిచ్చిన జవాబుల కాగితంలో దీనికి జవాబు లేదు.

“బాబాయిగారూ, ఇది కథండీ.”

“తెలుసమ్మా. రాసినవాళ్లకు తెలుస్తుంది కదా. ఒక్కసారి కలిపిస్తావా?”

“వాళ్లు ఆఫీసుకు రారండీ. ఇంటి నుంచే పంపిస్తారు. అడ్రసు ఎవరికీ ఇవ్వకూడదు.”

“పోనీ ఫోన్లో కనుక్కుని చెప్పు. బతికిందా లేదా, అంతే.”

ఆమె చెయ్యి ఫోను మీదికి వెళ్లింది. అంతలో అదే మోగింది. మళ్లీ ఎవరో తిట్లు.

అటుగా వచ్చిన సేల్స్ మేనేజరు పెద్దాయన దిగులు ముఖం చూసి వెలిగిపోయాడు.

“ఇలా రండి సార్. ఈ ఉక్కురెక్క బొమ్మ పక్కన నిలబడండి. ఒక్క ఫోటో.”

“ఫోటో దిగితే చెబుతారా?”

“ఎందుకు చెప్పం!”

పెద్దాయన చొక్కా సవరించుకుని నిలబడ్డాడు. “ఏడవాలా బాబూ?”

“మీ ఇష్టం సార్. ఏడిస్తే ఇంకా బావుంటుంది.”

ఆయన ఏడవలేదు. ఫోటో అయ్యాక వచ్చి మళ్లీ ఆమె ఎదుట నిలబడ్డాడు.

“వచ్చే వారం సంచికలో చూడండి బాబాయిగారూ,” అంది. అందరికీ చెప్పమన్న మాట అది.

“వచ్చే వారమా?” ఆయన నవ్వాడు. “సరేలే అమ్మా. మందుల వేళైంది, నర్సమ్మ కేకలేస్తుంది.”

పేరు అడుగుదామనుకుంది. ఫోను మోగింది.

మర్నాడు దినపత్రికలో సగం పేజీ ప్రకటన. పెద్దాయన ముఖం, దాని కింద: ‘ఈ అభిమాని కన్నీటికి జవాబు వచ్చే వారం!’

పది గంటలకల్లా ఒకావిడ ఆ పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. జుట్టు దువ్వుకోలేదు. వేళ్ల నిండా నల్ల సిరా.

ఎడిటరు గదిలోంచి ఉరికొచ్చాడు. “నువ్వా! పదిహేనేళ్లుగా బొమ్మలు పంపడమే తప్ప గడప తొక్కలేదు. మంచి సమయానికొచ్చావు తల్లీ. లోపల టీవీ వాళ్లున్నారు. ఎందుకు చంపావో నువ్వే చెప్పెయ్. రాజకీయమో, పబ్లిసిటీయో, ఏదో ఒకటి.”

ఆవిడ అటు చూడనైనా లేదు.

“ఈయన ఎక్కడున్నారు?” అని రిసెప్షనిస్టును అడిగింది.

ప్రకటన నచ్చక గొడవకొచ్చింది కాబోలు అనుకుందామె. “నేను కాదండీ, మేనేజరుగారే...”

“ఎక్కడున్నారు?”

“పేరు కూడా రాసుకోలేదండీ. చేతికి దూది ఉంది, నర్సమ్మ అన్నారు. పెద్దాసుపత్రేమో.”

“ఎందుకొచ్చారు?”

“ఆ పాప బతికిందా అని అడగడానికండీ.”

“నువ్వేం చెప్పావు?”

“వచ్చే వారం చూడమన్నాను.”

ఆవిడ రిసెప్షనిస్టు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

పెద్దాసుపత్రి రెండో అంతస్తులో నర్సు పేపరు చూడగానే గుర్తుపట్టింది. “పదకొండో బెడ్డు.”

పదకొండో బెడ్డు మీద ఆయా కొత్త దుప్పటి పరుస్తోంది.

“పొద్దున ఆరింటికి పోయారమ్మా,” అంది నర్సు. “నిన్న చెప్పాపెట్టకుండా బయటికెళ్లి వచ్చారు. ఎక్కడికంటే చెప్పరు. నా అన్నవాళ్లు ఒక్కరూ రాలేదు ఇన్నాళ్లూ.”

రిసెప్షనిస్టుకు ఏమీ అర్థం కావడం లేదు. ఎవరో పాఠకుడు పోతే ఈవిడ గోడ పట్టుకుని ఇలా జారిపోతోందేమిటి?

నర్సు ఒక ఫారం తెచ్చింది. “సంతకానికి ఎవరూ లేరు. మీరు ఆయనకేమవుతారు?”

ఆవిడ కలం అందుకుంది. ‘సంబంధం’ అన్న గడి దగ్గర ఆగింది.

“నాకు ఏడేళ్లప్పుడు, మునిగిపోతున్న లాంచీ కిటికీలోంచి నన్ను బయటికి తోసింది ఈయనేనమ్మా,” అంది. “ఆ రోజే పోయారనుకున్నాను.”