సీలు తెగిన చప్పుడు

“నోర్ముయ్యండర్రా, మనోడు మాట్టాడతన్నాడు!”

గౌరమ్మ కసిరేసరికి అరుగు మీదున్న వాళ్లంతా గప్‌చిప్‌.

రేడియోలో ముందు చిన్న దగ్గు వినపడింది. ఆ దగ్గుకే సగం మంది నవ్వేశారు. తర్వాత మంత్రిగారి గొంతు.

“అమ్మా, బొండాం ఏమైనా ఉన్నదా? లేదా? పోనీండి తల్లీ. మీ ఊరి నీళ్లు అమృతం! అందుకే నేను ముట్టను. మీకే మిగలాలి!”

ఆ వెంటనే సీసా మూత సీలు తెగిన చప్పుడు, కటుక్కుమని. గటగటా తాగిన చప్పుడు.

అరుగు అరుగంతా గొల్లుమంది. మంచం మీద ఆమె మొగుడు తాతారావు కూడా నవ్వాడు. చేపల వేట మానేసి, కాళ్లు వాచి, కిడ్నీలు రెండూ చెడి పడున్న మనిషి. నవ్వితే ఆయాసం వస్తుందని తెలిసీ నవ్వాడు.

ఆ మంత్రి గొంతు వాసుది. గౌరమ్మ అన్న కొడుకు. పుట్టిందీ పెరిగిందీ ఈ వజ్రపుకొత్తూరు తీరంలోనే. తండ్రిని కిడ్నీల జబ్బు మింగేశాక తల్లి వాణ్ణి విశాఖపట్నం తీసుకుపోయింది. అక్కడ మిమిక్రీ ఎలా పట్టుబడిందో ఏమో, ఆదివారం వస్తే రేడియోలో పెద్దవాళ్ల గొంతులన్నీ వాడి గొంతులోంచి వస్తాయి.

పోనీ కట్టుకథా అంటే అదీ కాదు. కిందటేడు మంత్రి వచ్చి ఈ ఇంటి ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గౌరమ్మ చెంబుతో నీళ్లు పట్టుకొస్తే బొండాం ఉందా అన్నాడు. లేదనేసరికి ఓ దగ్గు దగ్గి, సంచిలోంచి సీసా తీసి, దాని మూతిని చేతిరుమాలుతో తుడిచి తాగాడు. గౌరమ్మ ఫోనులో చెప్పి ఏడిస్తే, వాసు దాన్ని రేడియోకెక్కించి మంత్రి పరువు గంగలో కలిపాడు.

అయినా మంత్రిననుకుని ఏం లాభం? చుట్టం ఇంటికొస్తే కాళ్లకి నీళ్లు, తాగడానికి నీళ్లు ఇవ్వడం మర్యాద. ఈ నీళ్లే కిడ్నీలు తినేస్తున్నాయని పేరు పడ్డాక, వచ్చినవాళ్లు కాళ్లకి పుచ్చుకుంటున్నారు, తాగడానికి వద్దంటున్నారు. కోటబొమ్మాళి నుంచి సొంత చెల్లెలు వచ్చినా సంచిలో సీసా ఉంటుంది.

“ఒక్కడంటే ఒక్కడు నా సేతి నీళ్లు తాగి లెగిస్తే సాలు. మనం అంటరానోళ్లవైపోనాం,” అంది ఆ రాత్రి మొగుడితో.

“వాసుగాడొత్తాడు సూడు. ఆడు తాగుతాడు. ఈ నూతి నీళ్లతో పెరిగినోడు కాడేటి?” అన్నాడు తాతారావు.

నిజంగానే వచ్చాడు. పలాసలో ఎవరిదో పెళ్లికి ప్రోగ్రాం ఉంటే, ఊరివాడైన అప్పలస్వామి ఆటో కట్టించుకుని మధ్యాహ్నానికి దిగాడు. వాకిట్లో కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి, గోడ మీద దండేసిన తండ్రి ఫొటో ముందు కాసేపు నిలబడిపోయాడు. గౌరమ్మ వాడి తల నిమిరి ఏడ్చింది.

“అన్నం తినరా. కొరమీను కూర.”

“రైల్లో తినీసినానత్తా. బేగి ఎల్లాల.”

ఊరు ఊరంతా వాకిట్లో మూగింది. పక్కింటి రత్నాలమ్మ అందరికంటే ముందు నిలబడింది.

“ఒరే వాసూ, ఒక్కసారి మంత్రిని సెయ్యరా!”

“ఇయాల గొంతు బాగోనేదు పిన్నీ. ఇంకోసారి.”

“అయితే ముందు గొంతు తడుపుకో!” అని గౌరమ్మ లోపలికి పరిగెత్తింది. చింతపండుతో తోమి దాచిన ఇత్తడి చెంబు. అప్పుడే తోడిన నీళ్లు. రెండు చేతులా పట్టుకుని వాడి ముందుకి చాపింది. తాతారావు మంచం మీద లేచి కూర్చున్నాడు.

వాసు చెంబు వైపు చూశాడు. ఫొటో వైపు చూశాడు. మెల్లిగా ఓ దగ్గు దగ్గాడు.

“బొండాం ఏటైనా ఉందేటత్తా?”

అంతే! వాకిలి పేలిపోయింది. గౌరమ్మ నవ్వాపుకుంటూ, “సెట్టెక్కీవోడు రానేదురా, మంత్రిగోరూ!” అంది.

వాసు సంచిలోంచి సీసా తీశాడు. చేతిరుమాలుతో దాని మూతి తుడిచాడు. మూత తిప్పాడు. కటుక్కుమంది.

“మీ ఊరి నీళ్లు అమృతం! మీకే మిగలాలి!” అని జనమే అరిచారు. రత్నాలమ్మ పొట్ట పట్టుకుని కూలబడింది. వాసు తల వెనక్కి వంచి, కళ్లు మూసుకుని, సీసా ఖాళీ అయ్యేదాకా తాగాడు. కళ్లమ్మట నీళ్లు కారాయి. జనానికి కూడా కారాయి మరి, నవ్వలేక.

“గొంతు మార్సకండానే మంత్రిని దింపీసినాడు! ఇద్దె అంటే అదీ!” ఆయాసపడుతూ అన్నాడు తాతారావు.

“సాల్లేరా నీ ఆటలు, ఇంద, తాగు,” అంది గౌరమ్మ. ఈలోగా పెళ్లివారి ఫోనొచ్చింది. వాసు ఆమె కాళ్లకి దండం పెట్టి, ఎవరి మొహం చూడకుండా ఆటో ఎక్కేశాడు.

గౌరమ్మ నిండు చెంబుతో వాకిట్లోనే నిలబడింది.

“తొందర్లో మర్సిపోనాడు ఎర్రిబాగులోడు. ఇంకోపాలొచ్చినప్పుడు తాగుతాడు,” అంది.

“ఆడి పేరు సెప్పి తోడినావు, పారబొయ్యకు. ఇటియ్యి,” అన్నాడు తాతారావు. డాక్టరు కొలిచి తాగమన్న నీళ్లు ఇవాళ కొలవకుండా తాగాడు.

జీడితోటల మధ్య ఆటో పలాస వైపు పోతోంది. అప్పలస్వామికి నవ్వు ఇంకా ఆగలేదు.

“మంత్రిని ఉతికి ఆరేసినావు బావా! నాకోసం మళ్లీ ఓపాలి సెయ్యవా?”

వాసు ఖాళీ సీసాని సంచి అడుక్కి తోసేశాడు.

“నాను ఇయాల మంత్రిని సెయ్యనేదు బావా.”