మూడో జంట

"పక్క తడుపుతుందండీ. వారంలో నాలుగు రోజులు. పరుపు ఆరేసుకోడానికి మీ మేడ మీద ఎండ తగులుతుందా?"

వచ్చినవాళ్ళు ఇంకా కుర్చీల్లో సరిగా కూర్చోనేలేదు, వీరాయమ్మ మొదలుపెట్టేసింది.

వచ్చింది పిల్లని దత్తత తీసుకోవడానికి. అమలాపురంలో లెక్చరర్‌గా పనిచేసే వెంకటసాయిరాం, ఆయన భార్య అమృతవల్లి. వెంట పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి ప్రసన్న. శరణ్యకి ఆరేళ్ళు. నా అన్నవాళ్ళు లేరు. శాశ్వతంగా ఒక ఇల్లు కుదిరేదాకా చూసుకోమని ఆఫీసువాళ్ళు ఆ పిల్లని సఖినేటిపల్లిలో కొబ్బరికాయల వ్యాపారం చేసే వీరాయమ్మకి అప్పగించారు. ఏడాదిన్నర అయింది.

పిల్ల ఇప్పుడు బడిలో ఉంది. వీరాయమ్మ కావాలనే ఆ వేళకి రమ్మంది.

"కరుస్తుంది కూడానండీ" అంటూ చెయ్యి చాపింది. మణికట్టు మీద పళ్ళ గుర్తులు వరసగా ఉన్నాయి.

సాయిరాం కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"కడుపునిండా తిన్నాక కూడా ఒక ముద్ద దిండు కింద దాస్తుంది. పొద్దుటికి పక్కంతా చీమలే. తలుపు గడియ వేశామా, గుక్కపట్టి ఏడుస్తుంది. వీధి వీధంతా లేస్తుంది. ఇక అబద్ధాలు సరేసరి."

"వీరాయమ్మగారూ!" ప్రసన్న గొంతు పెంచింది. "ఫొటో చూసి ముచ్చటపడి వచ్చేరండీ వీళ్ళు."

"ఫొటో కరవదు కదండీ."

ప్రసన్న ఆమెని పెరటి గుమ్మం దాకా లాక్కెళ్ళింది. ఈ సీటులోకి వచ్చి రెండు నెలలే అయినా, ఆమెకి లెక్క అందిపోయింది. తన సరుకుని తానే తిట్టేవాడికి అమ్మే ఉద్దేశం ఉండదు.

"నేను తీసుకొచ్చిన రెండు జంటల్నీ ఇలాగే తరిమేసేరు. వీళ్ళు మూడో జంట. పిల్లని వదల్లేకపోతే ఆ మాట చెప్పండి. వీళ్ళు కూడా లేచిపోతే నేను కమిటీకి రాసేస్తాను. దాన్ని మీ దగ్గర్నుంచి తీసేసి హోములో పడేస్తారు."

"రాసుకోండి. ఇంకా పేల సంగతి చెప్పలేదు" అని విదిలించుకుని వచ్చి, ఆ సంగతీ చెప్పేసింది.

సాయిరాం లేచాడు. "మేం ఆలోచించుకుని ఫోన్ చేస్తామండీ."

"ఆయ్, వెళ్ళిరండి. చెప్పులు అటేపున్నాయి."

అమృతవల్లి మాత్రం లేవలేదు.

"పక్క తడిపేది ఏ వేళకండీ?"

వీరాయమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "తెల్లవారుజామున. మూడింటికి."

"రెండున్నరకి లేపితేనో?"

"తంతుంది."

"తన్ననివ్వండి. మూతగిన్నె ఒకటిస్తాను, ముద్ద అందులో దాచుకుంటుంది. గడియ వెయ్యకపోతే ఏమైందండీ, దొంగలెత్తుకుపోయేంత సొత్తేం లేదు మా ఇంట్లో." భర్తకేసి తిరిగింది. "మీరు కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు.

వీరాయమ్మ ఊరుకోలేదు. ఆయన మీదికే వెళ్ళింది. "మిమ్మల్ని కరిస్తేనో? పదిమంది చుట్టాల్లో కరిస్తేనో? అప్పుడేం చేస్తారు?"

"మందు రాసుకుంటానండీ" అన్నాడాయన నెమ్మదిగా. "కరిచిందని ఎవరికిచ్చేస్తాం?"

వీరాయమ్మ ప్రసన్న వైపు తిరిగి, అదే విసురుతో అంది.

"ఏంటలా చూస్తారు? కాయితాలు తియ్యండి."

ప్రసన్న తెల్లబోయింది.

ప్రసన్న ఈ ఆఫీసుకి రాకముందు, "బంగారంలాంటి పిల్లండీ, ఏ పేచీ లేదు" అని వీరాయమ్మ నవ్వుతూ అప్పగిస్తే తీసుకెళ్ళినవాళ్ళు, ఇరవై రెండో రోజున శరణ్యని తెచ్చి రేవులో ఒక్కదాన్నీ దింపేసి, వచ్చిన పంటు పడవలోనే గోదావరి దాటి నర్సాపురం వెళ్ళిపోయారు.