అట్ట మీద ఓథా

"నేనా? ఇవి తొడుక్కోవాలా?" అంటూ ఓథా గ్రిగ్స్ పియానో ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

రికార్డు కంపెనీ యజమాని కెల్నర్ చేతిలో చిరుగుల ఓవరాల్స్ వేలాడుతున్నాయి, పత్తి చేలో కూలీలు వేసుకునేవి.

"అట్ట మీద ఫోటోకేగా ఓథా! పాటలు బ్రహ్మాండంగా వచ్చాయి. కానీ చేలో కూలీల కష్టాల్లోంచి పుట్టిన బ్లూస్ పాటలు సూటూ బూటూ వేసినవాడు వాయించాడంటే విమర్శకులు నమ్మరయ్యా."

"మిస్టర్ కెల్నర్, ఈ గుడ్డలు మళ్ళీ ఒంటికి తగలకూడదనే మిసిసిపీ వదిలి షికాగో వచ్చాను. ఇక్కడ టై లేకుండా గడప దాటి ఎరగను."

"అయితే ఆల్బమ్ బీరువాలోనే ఉంటుంది. నీ ఇష్టం."

నలభై ఐదేళ్ళకి దక్కిన మొదటి ఆల్బమ్. ఓథా పళ్ళు నూరుకుంటూ తొడుక్కున్నాడు. ఉన్న చిరుగులు చాల్లేదని ఫోటోగ్రాఫరు మోకాలి దగ్గర కత్తెర పెట్టాడు. బూట్లు కూడా విప్పించాడు.

ఆల్బమ్ వచ్చింది. విమర్శకులు పోటీలు పడి ఆకాశానికెత్తారు. న్యూయార్క్ పత్రికలో ఒక మహానుభావుడు "ఆ చిరుగులు చూడండి, ఇందులో నటన లేదు" అని రెండు పేజీలు దంచాడు. పియానో సంగతి చివర్లో ఒక్క ముక్క రాశాడు.

తనుండే నల్లవాళ్ళ పేట సౌత్ సైడ్‌లో మాత్రం ఓథాకి తలెత్తుకోవడం కష్టమైంది. బారులో అడుగుపెడితే చాలు, "ఏం బావా, పత్తి తూకం వేయించొస్తున్నావా?" అని ఒకటే నవ్వులు. ఏడుపొచ్చేది. 'పోనీలే, నన్నెరిగినవాళ్ళెవరూ ఆ ఫోటో నమ్మరు' అని సర్దిచెప్పుకునేవాడు.

ఆదివారం పొద్దున చర్చికని టై కట్టుకుంటుంటే తలుపు చప్పుడైంది. తీస్తే వాళ్ళమ్మ! మిసిసిపీ నుంచి బస్సులో వచ్చింది. చంకలో ఆల్బమ్ ఉంది. కొడుకుని ఎగాదిగా చూసి బావురుమంది.

"ఎవరి కోటురా ఇది? నా కళ్ళు కప్పడానికి అరువు తెచ్చావా?"

"నాదేనే అమ్మా! ఆ ఫోటోయే ఉత్తుత్తిది."

"నటన కాదని పేపర్లో కూడా వేశారుగా! పాస్టరుగారు చదివి వినిపించారు. చదువుకున్నోళ్ళు అబద్ధాలు రాస్తారట్రా?" అంటూ ఆవిడ అతని చెంప నిమిరింది. "సిగ్గుపడకు నాయనా, పెట్టె సర్దుకో. దొర కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. చేలో నీ పని మళ్ళీ నీకే ఇస్తానన్నాడు."