తాండ్ర అంచు

శృంగవరపుకోటలో బోర్డులు రాసే సూరప్పడు ఒక్క మాట అంటే చాలు, బోర్డు మీది వంకర అక్షరం సిగ్గుపడి తనంతట తానే నిటారుగా నిలబడేది. గోడలన్నీ యంత్రాలతో బొమ్మలు వేయించుకునే రోజులవి. ఏ ఊరు వెళ్లినా అవే నున్నటి అక్షరాలు. మన గీత మనకు మిగలాలని, ఇంకా చేత్తో గీసేవాళ్లంతా ఆదివారం సూరప్పడి షెడ్డులో చేరి ఒకరి పనిలో తప్పులెంచి ఒకరు కడిగేసేవారు. గీసినవాళ్లు గోడవైపు తిరిగి కూర్చుని, నోరెత్తకుండా వినాలి.

ఓ ఆదివారం పైడమ్మ తన మామిడి తాండ్ర కొట్టు బోర్డు తెచ్చింది. సూరప్పడు ఆరోజు కళ్లజోడు మరిచిపోయాడు. ఆ సంగతి చెప్పడానికి నామోషీ వేసి, చెవికి తగిలించుకున్న, చూసి చెప్పే యంత్రాన్ని గుట్టుగా అడిగి, అది చెప్పిందే గొంతు పెంచి అన్నాడు: "అక్షరాలు వంకరమ్మా! సరిచెయ్యి."

మరుసటి వారం కళ్లజోడు పెట్టుకుని చూస్తే, బోర్డు ఊళ్లోని గోడల్లాగే నున్నగా ఉంది.

"పాతదేదే?"

"సెరిపేసినాను మావా. అది సాప మీద ఎండిన తాండ్ర అంచులాగ కావాలనే వంకరగా గీసినాను. నువ్వే వంకరన్నావు కదేటి?"

సూరప్పడు తన కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. "ఆ మాట నాది కాదే, యంత్రానిది. నాకు కళ్లజోడు లేదారోజు. ఇయాల నన్ను కడగండి."

పైడమ్మే అంది: "జోడు లేదంటే నవ్వేసి ఊరుకుందుము కదా మావా. ఆ అంచు నా సేతికి మళ్లీ రాటం లేదు."

జవాబు చెప్పకూడదన్న నియమం పెట్టింది సూరప్పడే. గోడను చూస్తూ విన్నాడు.

అక్షరం సిగ్గుపడేదని మొదట్లో అన్నానే, అది మాత్రం నా కల్పన. సిగ్గుపడింది సూరప్పడొక్కడే.